ఇరవై రెండు మందిలో మిగిలిన ఐదుగురు

ప్రశ్న:

అమ్మా, మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర. మా ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా. రెండేళ్ల క్రితం కొంతమందిమి కలిసి ఆరు ఊళ్లలో సాయంత్రం కేంద్రాలు పెట్టాం. 12 నుంచి 18 ఏళ్ల పిల్లలకు చదువులో సాయం, ఆటలు, ఆరోగ్యం సంగతులు, బడి అయ్యాక ఏం చేయాలన్న మాటలు. 22 మంది కుర్రాళ్లు, అమ్మాయిలు వాలంటీర్లుగా చేరారు. పర్లాకిమిడిలో రెండు రోజుల ట్రైనింగ్ పెట్టించాం. భువనేశ్వర్ నుంచి ట్రైనర్ వచ్చారు. టీషర్టులు, సర్టిఫికెట్లు ఇచ్చాం. మూడో నెల నుంచే జారిపోవడం మొదలైంది. నలుగురు బెంగుళూరు వెళ్లిపోయారు. ఇద్దరమ్మాయిలకు పెళ్లయింది, ఇంకో ఇద్దరిని ఇంట్లోవాళ్లు పంపడం మానేశారు. మిగతావాళ్లు ఫోన్ ఎత్తరు. ఇప్పుడు ఐదుగురే. సవర గిరిజనుల గూడేల్లో ఉన్న రెండు కేంద్రాలకు పిల్లలు కూడా రావడం లేదు. డబ్బులిస్తే తప్ప ఈ కాలం పిల్లలు నిలవరని మావాళ్లు అంటున్నారు. మా దగ్గర అంత డబ్బు లేదు. మళ్లీ ట్రైనింగ్ పెట్టమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

ఒక అక్క, గజపతి జిల్లా

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వెళ్లిపోయిన పదిహేడు మంది ఎక్కడికి పోయారో రాశారు. ఉన్నవాళ్ల గురించి "ఇప్పుడు ఐదుగురే" అన్న ఒక్క ముక్కే ఉంది. ఆ ఐదుగురూ ఎవరు? ఏ ఊళ్లవాళ్లు? రెండేళ్లుగా ఏం చూసుకుని వస్తున్నారు? పోయిన నెలలో మీరు వాళ్లతో కూర్చుని ఎంతసేపు మాట్లాడారు? తప్పు పట్టాలని అడగడం లేదు. నేనూ గుణుపురం వైపు పదకొండేళ్లు ఇలాంటి కేంద్రాలు చూశాను, నేనూ అచ్చం ఇదే చేశాను. ఎవరు మానేస్తే వాళ్ల ఇంటికి పరుగెత్తేదాన్ని. వస్తున్నవాళ్లు ఎలాగూ వస్తారులే అనుకునేదాన్ని. మానేసినవాళ్ల పని కూడా వాళ్ల నెత్తినే పడింది. ఒక ఏడాది తిరిగేసరికి వాళ్లూ అలసిపోయి ఇంట్లో కూర్చున్నారు.

అందుకే ముందుగా మీకు కష్టమనిపించే మాట చెబుతాను. ఆరు కేంద్రాల్లో నాలుగు ఆపేయండి. ఐదుగురితో ఆరు ఊళ్లు నడవవు. ఊరికొకరు కూడా లేరు. ఆ ఒక్కరికి జ్వరం వస్తే కేంద్రానికి తాళం. మూడుసార్లు తాళం చూసి వెనక్కి వెళ్లిన పిల్లలు నాలుగోసారి రారు. రెండు ఊళ్లు ఉంచుకోండి, ఒకచోట ఇద్దరు, ఇంకోచోట ముగ్గురు ఉండేట్టు చూడండి. ఏ ఊళ్లు ఉంచాలో ఆ ఐదుగురినే అడగండి. ఆపే ఊళ్లకు మాత్రం మీరే స్వయంగా వెళ్లండి. పిల్లలను, పెద్దలను కూర్చోబెట్టి ఇప్పుడు ఆపుతున్నామని, మనుషులు తయారయ్యాక వస్తామని ముఖాముఖి చెప్పండి. చెప్పాపెట్టకుండా మూసేసిన కేంద్రాన్ని ఊరు చాలా ఏళ్లు గుర్తుపెట్టుకుంటుంది. మీకు డబ్బు సాయం చేసేవాళ్లకు ఆరు కేంద్రాలని రాసిచ్చి ఉంటే వాళ్లకూ ఉన్నదున్నట్టు రాయండి. ఖాళీ కేంద్రాల్లో హాజరు పట్టీ నింపే పని ఆ ఐదుగురి చేత చేయించారంటే వాళ్లూ మీకు మిగలరు.

ఇక "ఈ కాలం పిల్లలు" అన్న మాట. దాన్ని నేను ఒప్పుకోను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీరు అక్కడే ఉండి ఉంటారు. గజపతి కొండల్లో చరియలు విరిగిపడ్డాయి, దారులు తెగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు కుర్రాళ్లు గొడ్డళ్లు పట్టుకుని రోడ్డుకు అడ్డంగా పడ్డ చెట్లు నరికారు. బియ్యం భుజాన వేసుకుని గూడేలకు మోశారు. వాళ్లకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు, టీషర్టూ ఇవ్వలేదు. చెట్టు కళ్లెదుట పడి ఉంది. తీస్తే దారి వస్తుంది. సాయంత్రానికి ఆ పని అయిపోతుంది. మీ కేంద్రంలో చేరిన కుర్రాడికి ఈ వారం తన పని ఏమిటో, అది ఎప్పటికి అయిపోతుందో, అయినట్టు ఎలా తెలుస్తుందో ఎవరైనా చెప్పారా? "యువత కోసం పనిచేద్దాం రండి" అంటే అతనికి కంటికి కనపడేది ఏముంది? మంచి మనసుతో వచ్చినవాడు రెండు నెలలు అటూ ఇటూ తిరిగి, తానుంటే ఎంత లేకపోతే ఎంత అనుకుని మానేస్తాడు. మీరు పోగొట్టుకున్న పదిహేడు మందిలో సగం మంది ఇలా పోయినవాళ్లేనని నా అనుమానం.

పనికి హద్దు పెట్టండి. "ఈ ఏడో తరగతి పిల్లలు ఆరుగురు. వీళ్లు మూడు నెలల్లో ఒక పేజీ తడుముకోకుండా చదవాలి. వారానికి మూడు సాయంత్రాలు, రోజుకు గంటన్నర." ఇది ఒకరికి అప్పగించగలిగిన పని. "పదో తరగతి అమ్మాయిలతో ఎనిమిది శనివారాలు, ఎనిమిది విషయాలు" అన్నది ఇంకొకరిది. మూడు నెలలయ్యాక కూర్చుని ఆ ఆరుగురి చేత చదివించి చూడండి. ఇక చాలంటే సంతోషంగా పంపించండి. ఇంకో మూడు నెలలు చేస్తానంటే మళ్లీ ఒక పని ఇవ్వండి. ఎన్నాళ్లు చేయాలో తెలియని పనిలో ఉన్నవాడికి మానేస్తానని చెప్పడానికి నోరు రాదు. అక్క ఏమనుకుంటుందో అని భయం. అందుకే ఫోన్ ఎత్తడు. మీ ఫోన్ ఎత్తనివాళ్లలో ఎంతమంది సిగ్గుతో ఎత్తడం లేదో ఆలోచించండి.

ఆ మూడు నెలలు ఎప్పుడు పెట్టాలన్నది క్యాలెండర్ చూసి కాదు, పొలం చూసి లెక్కేయాలి. రథయాత్ర దాటాక ఊడుపులు మొదలైతే ఏ ఇంట్లోనూ ఒక్క చెయ్యి ఖాళీగా ఉండదు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, కల్లాలు. ఫిబ్రవరి, మార్చి పదో తరగతి పరీక్షలు. ఎండలు ముదిరితే కొండవాలుల్లో జీడి ఏరే పని, పిల్లలతో సహా అంతా అక్కడే. మీరు జులైలో కేంద్రం తెరిచి ఎవరూ రావడం లేదని బాధపడితే అందులో వాళ్ల తప్పు లేదు. ఆగస్టు చివర నుంచి కోతల దాకా ఒక విడత, సంక్రాంతి వెళ్లాక పరీక్షల దాకా ఒక చిన్న విడత, ఈ రెండూ గట్టిగా నడిస్తే చాలు. మధ్యలో కేంద్రం మూసి ఉంచడం తప్పు కాదు, ముందే చెప్పి మూస్తే.

డబ్బు సంగతికి వస్తాను. మీరు సరిహద్దులో ఉన్నారు, ఇది భువనేశ్వర్ ట్రైనర్‌కు తట్టని విషయం. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం. మీ ఊళ్లలో చాలా ఇళ్లకు అవతల చుట్టాలున్నారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వాలంటీర్లు వచ్చారు. యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5000 రూపాయల గౌరవ వేతనం. ఆ ఏర్పాటు తర్వాత ఆగిపోయినా, వాలంటీర్ అంటే నెలనెలా చేతికి ఏదో వచ్చే సర్కారు పని అన్న అర్థం ఆ మాటకు అతుక్కుపోయింది. ఇవతల వైపు కేంద్ర ప్రభుత్వపు నెహ్రూ యువ కేంద్రం తీసుకున్న యువ వాలంటీర్లకు కూడా నెలకు 5000 గౌరవ వేతనం ఉండేది, రెండేళ్ల దాకా. ఇప్పుడు మీ కుర్రాడి తల్లి వైపు నుంచి చూడండి. కొడుకు వాలంటీరయ్యాడని పాతపట్నంలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి చెప్పుకుంది. ఒక నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, ఇంట్లోకి రూపాయి రాలేదు. పైగా వాడే జేబులోంచి ఆటో ఖర్చు పెడుతున్నాడు. మూడో నెలలో ఇంట్లో మాటలు మొదలవుతాయి. మీ దగ్గర జారిపోవడం మొదలైందీ మూడో నెలలోనే.

వాలంటీర్ అన్న మాట మానేయండి. కేంద్రం అన్న, కేంద్రం అక్క అనండి, ఊళ్లో పిల్లలు పిలిచేదీ అదే కదా. ఎవరినైనా చేర్చుకునే ముందు వాళ్ల ఇంటికి వెళ్లి తల్లిదండ్రుల ఎదుట రెండు మాటలు చెప్పండి. ఇందులో జీతం లేదు, ఇక ముందూ ఉండదు. మీ పిల్లల జేబులోంచి ఒక్క రూపాయి ఖర్చు కానివ్వం. మొదటి మాట విని కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గనివ్వండి. రెండో మాట మాత్రం మీరు తప్పకూడదు.

ఆ రెండో మాట ఎంత ముఖ్యమో ఒక అమ్మాయి వల్ల నాకు తెలిసింది. డిగ్రీ చదివేది, పిల్లలకు లెక్కలు చక్కగా చెప్పేది. ఒకరోజు పరీక్షలున్నాయని చెప్పి మానేసింది. నమ్మాను. ఆర్నెల్ల తర్వాత సంతలో వాళ్లమ్మ కనిపిస్తే మాటల్లో బయటపడింది. పోను ఇరవై, రాను ఇరవై, వారానికి మూడు రోజులు, నెలకు 480 రూపాయలు. మా ఖర్చుల బిల్లు నెలాఖరున రాసి పంపితే, పైవాళ్లు సంతకం పెట్టి, డబ్బు వచ్చేసరికి రెండు నెలలు పట్టేది. ఆ రెండు నెలలూ ఆ పిల్ల వాళ్ల నాన్నను అడగాలి. అడగలేక మానేసింది. అప్పటి నుంచి ఆటో డబ్బులు ఏ రోజువి ఆ రోజే చేతిలో పెట్టాను, సంతకం తర్వాత చేయించుకున్నాను. మీ ఐదుగురికీ అదే లెక్క వేసుకుంటే నెలకు 2400. హాలు అద్దె, ట్రైనర్ ప్రయాణం, భోజనాలు, టీషర్టులు కలిపి ఆ రెండు రోజులకు ఎంతయిందో పాత పుస్తకం తీసి చూడండి. దాంతో ఎన్ని నెలల ఆటో ఖర్చు వచ్చేదో లెక్కేయండి.

ఒక చోట మాత్రం మీవాళ్ల మాట నిజమే. రోజూ కేంద్రం తెరిచి, మూసి, తాళం దగ్గర పెట్టుకుని, రిజిస్టర్లు రాసి, పిల్లల ఇళ్లకు తిరిగేవాళ్లు ఒకరుంటారు. అది ఉద్యోగం. దానికి సేవ అని పేరు పెట్టి ఊరికే చేయించుకోవడం అన్యాయం. రెండు ఊళ్లకు కలిపి అలాంటి ఒక్కరికి, కొంచెమే అయినా, నెలనెలా తప్పకుండా ఇవ్వండి. ఇస్తున్నట్టు అందరికీ తెలియాలి, ఎందుకిస్తున్నారో కూడా తెలియాలి. రహస్యంగా ఇస్తే మిగతా నలుగురూ విరుగుతారు.

మళ్లీ ట్రైనింగ్ పెట్టాలా అని అడిగారు. రెండు రోజులు హాల్లో కూర్చోబెట్టేదైతే వద్దు. నాయకత్వం, కమ్యూనికేషన్ అని తెర మీద బొమ్మలు చూపిస్తారు. మూడో రోజు సాయంత్రం ఈ పిల్ల ఒక అరుగు మీద, ఒక బల్బు కింద, ముప్ఫై మంది పిల్లల ముందు నిలబడుతుంది. అందరూ ఒక్కసారి తన ముఖంలోకి చూస్తారు. ఆ మొదటి ఐదు నిమిషాల్లో ఏం చేయాలో ఆ హాల్లో ఎవరూ చెప్పి ఉండరు. వెనక వరుసలో మీసాలొస్తున్న కుర్రాడు ఒకడు ఏదో అంటాడు, అందరూ నవ్వుతారు. ఏడో తరగతి పిల్లవాడికి చదవడం రాదు, రాదని తెలియకుండా పక్కవాడు చెప్పింది అంటుంటాడు. అంతలో కరెంటు పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లను భయపెట్టేవి ఇవి. వీటికి తయారు చేయడమే ట్రైనింగ్.

నేను చివరికి చేసిన పద్ధతి చెబుతాను. కొత్తవాళ్లు మొదటి నాలుగు సాయంత్రాలు ఏమీ చేయరు, పాతవాళ్ల పక్కన కూర్చుని చూస్తారు. పిల్లల పేర్లు నేర్చుకోవడం ఒక్కటే పని. ఐదో రోజు పది నిమిషాల ఆట ఒకటి ఆడించాలి, అంతే. తర్వాతి వారం అరగంట. నెల తిరిగేసరికి గంటన్నర మొత్తం వాళ్లది, పాతవాళ్లు వెనక కూర్చుంటారు. రోజూ పిల్లలు వెళ్లాక పావుగంట మాట్లాడుకోవాలి. అసలు నేర్చుకోవడమంతా ఆ పావుగంటలోనే ఉంది. ముందు కొత్తవాళ్లే చెప్పాలి, ఈ రోజు ఏది కుదిరింది, ఎక్కడ చెయ్యి జారింది అని. ఆ తర్వాత మీరు దిద్దేది ఒక్కటే ఉండాలి. నేను మొదట్లో నోట్‌బుక్‌లో రాసుకుని ఏడు తప్పులు వరుసగా చదివేదాన్ని, మంచి చేస్తున్నానని అనుకుని. ఒక కుర్రాడు తలొంచుకుని అన్నీ విన్నాడు. "సరే మేడమ్" అన్నాడు. మర్నాటి నుంచి రాలేదు. అతని ముఖం ఇప్పటికీ గుర్తుంది. పిల్లల్ని దగ్గరికి తీసుకోవడంలో అంత నేర్పున్న మనిషి నాకు మళ్లీ దొరకలేదు.

ఇందులో పాతవాళ్లు ఎవరో గమనించారా? మీ ఐదుగురే. కొత్తవాళ్లను తయారు చేసే పని వాళ్ల చేతిలో పెట్టండి. రెండేళ్లు నిలిచిన మనిషికి మళ్లీ అదే ఎక్కాలు, అదే ఆట అంటే విసుగొస్తుంది. ఇంకొకరికి నేర్పమంటే తనకు తెలిసినదేమిటో తనకే తెలిసొస్తుంది. భువనేశ్వర్ ట్రైనర్‌ను ఏడాదికొకసారి పిలవండి, ఈ ఐదుగురు అడిగిన విషయం మీద, మీ కేంద్రం అరుగు మీదే.

సవర గూడేల గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. అక్కడికి వెళ్లినవాళ్లకు సవర భాష వచ్చా? తెలుగులోనో ఒడియాలోనో మాట్లాడి ఉంటారు, పిల్లలు నేల చూపులు చూసి ఉంటారు. మీ పర్లాకిమిడిలోనే దీనికి దారి చూపిన మనిషి ఒకప్పుడు ఉండేవారు. గిడుగు రామమూర్తి గారు 1880లో అక్కడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. సవరలకు చదువు చెప్పాలనుకుని, ముందు తానే సవర నేర్చుకున్నారు. సవర మాట్లాడేవాళ్లను ఇంట్లో ఉంచుకుని, వాళ్ల దగ్గర శిష్యుడిలా కూర్చుని ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. ఆ తర్వాత వాళ్ల భాషలో వాచకాలు రాసి, బళ్లు పెట్టి, పంతుళ్లకు సొంత డబ్బుతో జీతాలిచ్చారు. ఏటా ఆగస్టు 29న వ్యావహారిక భాష కోసం ఆయన్ను తలచుకుంటాం. మీకు మాత్రం ఆయన చేసిన ఈ పని ఎక్కువ పనికొస్తుంది. గూడేనికి తెలుగు కుర్రాణ్ణి పంపే బదులు గూడెంలోనే పదో తరగతి దాకా చదివినవాళ్లు ఎవరున్నారో వెతకండి, తప్పినవాళ్లయినా సరే. వాళ్లే కేంద్రం నడపాలి, మీవాళ్లు పక్కన ఉండాలి. ఆ పావుగంట మాటలు కూడా సవరలో సాగితే, మీవాళ్లు అర్థం చేసుకోవడానికి తంటాలు పడితే, ఇంకా మంచిది. పిల్లల ముందు తమకు రానిది నేర్చుకునే పెద్దవాళ్లు కనబడాలి. ఇది కుదిరే దాకా ఆ రెండు గూడేలూ ఆపే నాలుగింటిలోనే ఉండనివ్వండి.

ఒక్క విషయంలో మాత్రం చూసి నేర్చుకుంటారులే అని వదలకండి. పిల్లలతో కేంద్రం నడిపితే ఏదో ఒకరోజు ఒక పిల్ల వచ్చి, అక్కా నాకు పెళ్లి చేసేస్తున్నారు అంటుంది. లేకపోతే ఇంకా ఘోరమైన మాట చెబుతుంది. పంతొమ్మిదేళ్ల కేంద్రం అక్కకు అప్పుడు కాళ్లు వణుకుతాయి. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టేస్తుంది. ఆ ఒట్టు పెట్టకూడదని ముందే నేర్పాలి. "నీకు సాయం చేయగలిగినవాళ్లకు మాత్రం చెబుతాను, ఊళ్లో ఎవరికీ తెలియదు" అనడం నేర్పాలి. గుచ్చిగుచ్చి అడగకూడదు, తానే వెళ్లి ఇంట్లోవాళ్లను నిలదీయకూడదు. ఆ రాత్రే మీకు ఫోన్ చేయాలి, మీరు ఎత్తాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ప్రతి కేంద్రం గోడ మీద రాసి ఉండాలి. పెళ్లి వయసు అమ్మాయికి 18, అబ్బాయికి 21 అన్నది 2006 నాటి చట్టం. 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం కూడా నేరమే, ఇది 2012 నాటి పోక్సో చట్టం. మీవాళ్లు ఎవరూ, ఎంత మంచివాళ్లయినా, ఒక పిల్లతోనో పిల్లవాడితోనో తలుపు వేసిన గదిలో ఒంటరిగా కూర్చోకూడదు. ఇది అందరికీ ఒకటే నియమమని మొదటి రోజే చెప్పండి. అప్పుడు ఎవరికీ అవమానంగా ఉండదు. ఇలాంటి బరువు ఒంటరిగా మోసి, ఎవరికీ చెప్పుకోలేక మానేసినవాళ్లను నేను చూశాను.

ఇంట్లో పంపడం మానేసిన ఆ ఇద్దరమ్మాయిల దగ్గరికి మీరు వెళ్లండి. అడగాల్సింది వాళ్ల నాన్నను కాదు, ముందు అమ్మను, అమ్మమ్మను. చాలాసార్లు కారణం చిన్నదే. చీకటి పడ్డాక ఒంటరిగా తిరిగి రావడం, దారిలో ఒక కిళ్లీ కొట్టు, అక్కడ కూర్చునే నలుగురు. వేళ గంట ముందుకు జరిపితే, ఇద్దరిని జంటగా పంపితే తీరేది. ఆదివారం మధ్యాహ్నం కేంద్రానికి మారిస్తే తీరేది. పెళ్లయిన ఇద్దరిని కూడా లెక్కలోంచి కొట్టేయకండి. అత్తవారి ఊరు ఏదో కనుక్కోండి. ఒక ఏడాది ఆగి పలకరించండి, అంతకుముందు కాదు. కొత్త కోడలికి కుదురుకునే టైమ్ ఇవ్వాలి.

బెంగుళూరు వెళ్లిన నలుగురి గురించి మీరు రాసిన తీరులో కొంచెం నొచ్చుకున్నట్టు కనబడింది. మీ జిల్లాలో పద్దెనిమిది దాటిన కుర్రాడు పనికి వలస పోకుండా ఉంటాడని ఆశపడలేం. వాళ్లు వెళతారన్న లెక్కతోనే కేంద్రాన్ని కట్టుకోవాలి. ప్రతి కేంద్రానికీ ఒక లావుపాటి నోట్‌బుక్ పెట్టండి. ఏ పిల్ల ఎక్కడిదాకా చదివింది, ఏ పాఠం ఎవరికి అర్థం కాలేదు, ఎవరి ఇంట్లో ఏం ఇబ్బంది ఉంది అని రోజూ నాలుగు వరుసలు. వెళ్లేవాళ్లు ఆఖరి వారంలో ఆ నోట్‌బుక్ చదివి వినిపించి తర్వాతివాళ్లకు అప్పగించాలి. అలా అయితే మనిషి రైలెక్కినా అతను చేసిన పని ఊళ్లోనే ఉంటుంది.

ఆ నలుగురూ సంక్రాంతికి ఊరికొస్తారు కదా. మీ పదో తరగతి కుర్రాళ్లలో చాలామంది ఇంకో రెండేళ్లలో అదే దాదన్ పనికి, అంటే అడ్వాన్సు తీసుకుని వెళ్లే వలస కూలికి, అదే మేస్త్రీ వెంట పోయేవాళ్లే. వాళ్లకు బెంగుళూరు గురించి మీరు చెప్పగలిగింది ఏముంది? ఆ నలుగురు చెప్పగలరు. రోజు కూలి ఎంతని చెప్పి ఎంత చేతిలో పెట్టారు, అడ్వాన్సు తీసుకుంటే ఏమైంది, ఆధార్ కార్డు ఇమ్మంటే ఎందుకు ఇవ్వకూడదు, దెబ్బ తగిలితే ఎవరు చూశారు, రైలెక్కే ముందు మేస్త్రీ దగ్గర రాయించుకోవాల్సినవి ఏమిటి. పండగ మర్నాడు ఒక పూట వాళ్లను పిల్లల ముందు కూర్చోబెట్టండి. యువతకు పనికొచ్చే పాఠాల్లో అంతకంటే ముఖ్యమైనది మీ ఊళ్లో ఇంకొకటి ఉండదు. కేంద్రంలో తమకు చోటు ఇంకా ఉందని ఆ నలుగురికీ తెలుస్తుంది. నా దగ్గర నుంచి వెళ్లినవాళ్లలో ఇద్దరు ఇలాగే ఏటా ఒక పూట వచ్చేవాళ్లు. వాళ్లలో ఒకతను వలస మానేసి ఊళ్లోనే మోటార్ల షాపు పెట్టుకున్నాక కేంద్రం సగం భారం తానే ఎత్తుకున్నాడు.

కాలేజీ పిల్లలు కావాలంటే పర్లాకిమిడి, గుణుపురం కాలేజీల్లో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) చూసే లెక్చరర్లను కలవండి. ఎన్ఎస్ఎస్‌లో చేరినవాళ్లు రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల క్యాంపు కూడా ఉంటుంది. మీ ఊళ్లలో చేసిన పని ఆ గంటల్లోకి వచ్చేట్టు ముందే మాట్లాడుకోండి. వాళ్లను రోజువారీ పనికి మాత్రం నమ్ముకోకండి, సెమిస్టర్ పరీక్షలు రాగానే మాయమవుతారు, పాపం వాళ్లేం చేస్తారు. మెడికల్ క్యాంపుకో ఆటల పోటీలకో పిలిస్తే ప్రాణం పెట్టి చేస్తారు. ఇక సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు అచ్చేసిన కాగితం వద్దు. ఆ అమ్మాయి ఏ ఊళ్లో, ఎన్ని నెలలు, ఎంతమంది పిల్లలకు, ఏం నేర్పిందో మీ చేత్తో రాసి సంతకం పెట్టివ్వండి. అలా రాయాలంటే ఆమె ఏం చేసిందో మీకు తెలిసి ఉండాలి కదా.

మీరు చేయాల్సిన మొదటి పని ఈ ఆదివారమే ఉంది. ఐదుగురినీ మీ ఇంటికి భోజనానికి పిలవండి. మీటింగ్ అనకండి, రిజిస్టర్ తీయకండి. మానేద్దామని మొదటిసారి ఎప్పుడనిపించింది, అయినా ఎందుకు ఆగారు అని ఒక్కొక్కరిని అడిగి, మధ్యలో అడ్డు రాకుండా వినండి. తర్వాత ఆ పదిహేడు మంది పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఎవరికి ఎవరు ఫోన్ చేస్తారో ఐదుగురూ పంచుకోవాలి. మీరు చేస్తే ఎత్తరు, వాళ్లు చేస్తే ఎత్తుతారు. ఎందుకు మానేశావని అడగొద్దని చెప్పండి. ఎలా ఉన్నావు, పండక్కి ఏ రోజు వస్తున్నావు, అంతే. వచ్చే తేదీలు ఆ పేర్ల పక్కన రాయించుకోండి. ఆ కాగితం తయారయ్యాక నాకు మళ్లీ రాయండి, సంక్రాంతి మర్నాటి పూట ఎలా నడపాలో అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.